కొత్త దిబ్బకి పేరు

26 అక్టోబర్ 1968, మధ్యాహ్నం

నిన్న నాగులచవితికి పుట్టలో పాలు పోసి వస్తుంటేనే గాలి తిరిగింది. ఇవాళ సముద్రం మా ఇంట్లోకి వినిపిస్తోంది. మామూలుగా వినిపించదు. మధ్యలో మా జీడితోట అంతా ఉంది. 'ఘోష' అన్న మాటకి అర్థం తెలుసనుకుని పరీక్షలో కూడా రాశాను. ఏమీ తెలియదని ఇవాళ తెలిసింది.

సెలవులకి విజయనగరం హాస్టల్ నుంచి తెచ్చుకున్న పుస్తకాలన్నీ అమ్మ అటక మీద పెట్టేసింది. తడిస్తే పి.యు.సి. మళ్లీ చదవాలట. డిక్షనరీ మాత్రం ఇవ్వలేదు. నా తలగడ కింద ఉంది.

27 అక్టోబర్

లాంతరు నిలవడం లేదు. ఈ అక్షరాలు నాకే కనబడటం లేదు.

29 అక్టోబర్

బతికాం. మొగలిపాలెంలో అందరం బతికాం. ముందు అది రాయాలి.

పశువులశాల కప్పు లేచిపోయింది. జీడిచెట్లు సగం పడుకున్నాయి. ఒడ్డున జాలరిపేటలో ఒక్క గుడిసె నిలవలేదు. వాళ్లంతా ముందే వచ్చి బడిలోనూ మా పంచలోనూ తలదాచుకున్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మా పంచలో నూకయ్య తాత, అతని మనవరాలు గురమ్మ ఉన్నారు. నూకయ్య తాత జాలరిపేటకి పెద్ద. గురమ్మ నాతో ఐదో క్లాసు దాకా చదివింది. తర్వాత నేను భోగాపురం హైస్కూలుకి వెళ్లాను, అది వాళ్లమ్మ చేపల గంప ఎత్తుకుంది. స్నేహం మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

పొద్దున్న గురమ్మ వచ్చి, ఒలే సుబద్రా, సూద్దువు గాని రా, సముద్రం మనకేటో ఎట్టి పోనాది అని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

దిబ్బ. పాత దిబ్బలన్నీ సముద్రం నాకేసింది. వాటి బదులు ఒక్కటే ఒక్కటి, అంత పెద్దది, పోసి వెళ్లింది. సరుగుడు చెట్ల తలలు మాత్రమే పైకి కనబడుతున్నాయి. తెల్లటి ఇసుక, జల్లెడ పట్టిన పిండిలా ఉంది. కాలిగుర్తు లేదు. పీత గీసిన గీత కూడా లేదు.

హాస్టల్ రీడింగ్ రూంలో ఒక ఇంగ్లీషు మేగజైన్‌లో ఫొటో చూశాను. మంచు కొండ మీద నుంచి ఒకడు కాళ్లకి రెండు పొడుగు చెక్కలు కట్టుకుని జారుతున్నాడు. స్కీయింగ్ అంటారట. పెద్ద మంచు తుఫాను వచ్చి వెళ్లాక కొత్తగా పడిన మెత్తటి మంచుని పౌడర్ అంటారట. ఆ మాట నాకు అర్థం కాలేదు. నాకు తెలిసిన పౌడర్ డబ్బాలో ఉంటుంది. ఇవాళ దిబ్బ మీద మొదటి అడుగు వేసి మోకాలి దాకా దిగిపోయాక అర్థమైంది. గట్టిగా 'పౌడర్' అని అరిచాను. గురమ్మ నా నుదురు పట్టి చూసింది, జొరమొచ్చిందేమోనని.

30 అక్టోబర్

ఇవాళ ఒక గొప్ప సంగతి తెలిసింది. ఈ ఊళ్లోనే పుట్టి ఇన్నాళ్లూ తెలియలేదు.

సముద్రం మీదకి పోయినవాళ్లకి ఒడ్డే గుర్తట. వెనకాల కొండ, ముందర దిబ్బ, రెండూ ఒక వరసలోకి వచ్చిన చోట ఫలానా చేప దొరుకుతుంది. అందుకని ప్రతి దిబ్బకీ ఒక పేరు ఉండాలి. పోలయ్య దిబ్బ ఉండేది, అన్నదమ్ముల దిబ్బ ఉండేది. ఇప్పుడు అవేవీ లేవు. కార్తీక పున్నమి వెళ్లాక పడవలు మళ్లీ దిగుతాయి. ఆ లోపల కొత్త దిబ్బకి పేరు కావాలి.

పేరు పెట్టే హక్కు ఎవరిదని అడిగాను. నూకయ్య తాత చిరిగిన వల కుడుతూ చెప్పాడు. పేరు ఊరికే ఎట్టరు పాపమ్మా, గెలుసుకోవాల అన్నాడు. పున్నమి నాటి సాయంత్రం దిబ్బ నెత్తిన నిలబడి, గంగమ్మ తల్లీ అని కూత అందుకుని, చెడుగుడు ఆటలోలాగా ఊపిరి తెగకుండా, పడిపోకుండా, నీళ్ల దాకా వచ్చినవాడు ఏ పేరంటే ఆ పేరు. మధ్యలో ఊపిరి తీశాడా, పోయింది. పోలయ్య దిబ్బ పోలయ్య గెలిచినదేనట. మరి ఎవరూ గెలవకపోతే అంటే, ఆ యేడు పేరు లేని దిబ్బని సూసుకుంటా పోవాల, అది మంచిది కాదు అన్నాడు.

పేర్లు గాలిలోంచి వస్తాయనుకున్నాను. ఇక్కడ ఊపిరితో కొంటారు! ఆ ముక్క ఇంకోసారి రాసుకుంటున్నాను. ఊపిరితో కొంటారు.

అక్కడే అప్పలసూరి ఉన్నాడు. గురమ్మకి వరసకి బావ. ఎప్పుడూ దాన్ని ఏడిపిస్తుంటాడు. నానే గెలుస్తాను, ఏ పేరెట్టేస్తానో తెలుసా, గురమ్మ మొగుడి దిబ్బ అన్నాడు. వల కుడుతున్న వాళ్లందరూ ఒకటే నవ్వు. గురమ్మ తడి ఇసుక ముద్ద తీసి వాడి మొహాన కొట్టింది. కొడితే కొట్టినావు గానీ బావా అని పిలిసి కొట్టే అన్నాడు తుడుచుకుంటూ.

దారిలో గురమ్మ జీడితోట దగ్గర ఆగి, నవ్వులాట కాదే ఇది అంది. దిబ్బ పేరు పడితే ఇంక పోదు. రేపు నా పెళ్లి ఎవుడితో అయినా సరే, సముద్రం మీద పడవలన్నీ నన్ను ఈడి పెళ్లామనే పిలుస్తాయి. సచ్చేదాకా ఇనాల అంది. కళ్లలో నీళ్లున్నాయి. గురమ్మ కళ్లలో నీళ్లు నేను ఎప్పుడూ చూడలేదు.

నువ్వే గెలువు అన్నాను. దానికి కోపం వచ్చింది. మోకాలి దాకా దిగిపోయే ఇసుకలో ఎవరి ఊపిరి నిలుస్తుంది అంది.

నాకు ఫొటో గుర్తొచ్చింది.

31 అక్టోబర్

నూకయ్య తాత పాత పడవ తుఫానుకి విడిపోయింది. కుట్టు పడవ. మేకులుండవు, చెక్కలని కొబ్బరి తాడుతో కుడతారు. అందుకని ప్రతి చెక్క అంచునా వరసగా చిల్లులు ఉన్నాయి. ముందు భాగం చెక్కలు పైకి వంగి ఉంటాయి, అచ్చం ఫొటోలోలాగా! రెండు అడిగాం. పొయ్యిలోకా అన్నాడు తాత. గురమ్మ కాదంది. ఎందుకో చెప్పలేదు. తాత ఇంకేమీ అడక్కుండా మంచివి ఏరి ఇచ్చాడు.

చెక్కలు పొడుగు. ఇద్దరం ముందొకరు వెనకొకరు నిలబడొచ్చు. నా ఎడమ కాలూ దాని ఎడమ కాలూ ఒక చెక్క మీద, కుడి కాళ్లు ఇంకో చెక్క మీద. పాదాల మీద నుంచి చిల్లుల్లోకి తాడు పోసి కట్టుకోవాలి. గురమ్మ తెడ్డుతో వెనక నుంచి తిప్పుతుంది. తెప్ప మీద నిలబడటం దానికి చిన్నప్పటి నుంచి వచ్చు. కూత నాది. నాకు ఒక్కటే విద్య ఉంది. సీసపద్యం మొత్తం ఒక్క ఊపిరిలో చదువుతాను. తెలుగు లెక్చరర్ గారు పద్యాన్ని ఉరి తీస్తున్నావు అంటారు. ఇప్పుడు పనికొస్తుంది.

పేరు కూడా దొరికింది. 'తుషారశిఖరం'. మంచు కొండ కొమ్ము అని. ఈ మాట పడవల మీద మనుషులు పలుకుతారు! నేను పెట్టిన మాట! గురమ్మకి ఇంకా చెప్పలేదు.

1 నవంబర్

ఘోరం.

పడవకి ఏటా నూనె పట్టిస్తారు కదా, చెక్కలకీ పట్టిద్దాం, జర్రున పోతాయి అంది గురమ్మ. నేనూ సరేనన్నాను. నాకూ తోచలేదు. తాత కుండలోని కవ్వ చేపల నూనె చెక్కల అడుగున బాగా మర్దనా చేశాం. సరుగుడు తోట వైపు పల్లంలో ఎవరూ చూడకుండా ఎక్కి నిలబడ్డాం. నూనె కాస్తా ఇసుకని పట్టేసుకుంది. చెక్కలు ఉన్నచోటే ఉండిపోయాయి, మేమిద్దరం ముందుకి పోయాం. నా నోట్లో ఇసుక, దాని మోచేయి నా వీపులో. చెక్క తిరగేసి చూస్తే అడుగంతా నువ్వులు అద్దిన అరిసెలా ఉంది.

నీటి మీద తిరిగే వాళ్లం, నీటి తెలివే వచ్చినాది అని గురమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది. చాలాసేపు వచ్చింది.

2 నవంబర్

నా వోణీ ఎండలో పెట్టినా కంపు పోలేదు. అమ్మ రోకలి పక్కన పెట్టి వచ్చి, ఏటే ఇది, కాలేజీలో నిన్ను చేపల బుట్టలో కూకోబెట్టి చదివిస్తన్నారా అంది. చెప్పేశాను. అంతా చెప్పేశాను. అమ్మ, నాయుడుగారి ఇంటి ఆడగుంట దిబ్బల మీద దొర్లుతాదా, ఊరు నవ్వదా అంది. నాన్నకి చెబుతానంది. చెప్పలేదు.

సాయంత్రం బీరువా సొరుగు రాలేదు. వానకి చెక్క ఉబ్బిపోయింది. అమ్మ ఎలాగో బయటికి లాగి, తుఫాను రోజుల కొవ్వొత్తి ముక్క తెచ్చి దాని అంచులకి రుద్దింది. వేలితో తోస్తే సొరుగు సర్రున లోపలికి పోయింది.

నేను అమ్మ వంక చూశాను. అమ్మ నా వంక చూసింది. కొవ్వొత్తి నా చేతిలో పెట్టేసి, నానేటీ ఎరగను అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

3 నవంబర్

జారింది!!

4 నవంబర్

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

చెక్కలని కొబ్బరి చిప్పతో గీకి, ఎండబెట్టి, కొవ్వొత్తి రుద్దాం. మొదటిసారి కొంచెం పోయి పడ్డాం. నేను ఫొటోలో మనిషిలా నిటారుగా నిలబడ్డానట, గురమ్మ తిట్టింది. మోకాళ్లు వంచే, తెప్ప మీద కొయ్యలా నిలబడితే సముద్రం ఒగ్గేస్తాదా అంది. వంచాను. రెండోసారి పల్లం చివరిదాకా పోయాం. దిగాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా కాళ్లు నావి కావు. నాకంటే ముందు వెళ్లిపోయి, అక్కడ నా కోసం ఆగినట్టుంది.

కానీ అది చిన్న పల్లం. కూత లేదు. అసలు దిబ్బ మూడింతలు.

మగపిల్లలు తాటిమట్టల మీద కూచుని దిబ్బ మీద నుంచి జారుతున్నారు. అప్పలసూరి మాత్రం పరిగెత్తి సాధన చేస్తున్నాడు. నీళ్లకి బాగా దగ్గరకి వస్తున్నాడు. గురమ్మ చూసి పళ్లు కొరికింది.

రేపే.

5 నవంబర్, పున్నమి, పొద్దున్న

చెక్కలకి కొవ్వొత్తి ఇంకోసారి రుద్ది వచ్చాం.

అదే రోజు, దీపాలు పెట్టాక

వరసగా రాస్తాను. తప్పిపోకూడదు.

జాలరిపేట అంతా ఒడ్డున ఉంది. మా ఊరి వాళ్లు కూడా వచ్చారు. నాన్న వచ్చాడు! అమ్మ ఎందుకు తీసుకొచ్చిందో తెలియదు. నాన్న గొడుగు ఇసుకలో గుచ్చి నిలబడ్డాడు.

ముందు నలుగురైదుగురు పరిగెత్తారు. సగానికి రాకుండానే కూత పోయింది. ఒకడు దొర్లుకుంటూ వచ్చాడు, అందరూ ఈల వేశారు. తర్వాత అప్పలసూరి. నిజం రాయాలి. గొప్పగా వచ్చాడు. పెద్ద పెద్ద అంగలు, తల వెనక్కి వాల్చి, తల్లీ అన్న కూత బిగించి లాగిన తాడులా వచ్చింది. గురమ్మ నా చేయి నొక్కింది, గోళ్లు దిగాయి. తడి ఇసుక దాకా వచ్చేశాడు. ఇంకొక్క అంగ. అక్కడ తెగింది, దగ్గొచ్చింది. పడిపోయి అలాగే నవ్వుతున్నాడు. అందరూ అయ్యయ్యో అన్నారు. పేరు దాదాపు ఖాయమే అని ఎవరో అంటున్నారు, ఇంకో పట్టు పట్టనిమ్మంటున్నారు.

అప్పుడు మేం చెక్కలు ఎత్తుకుని ఎక్కాం.

ఆడగుంటలేటి, కూతేటి అని ఒక ముసలాయన లేచాడు. నూకయ్య తాత అక్కడి నుంచే, గంగమ్మ మాత్రం మగోడేటిరా అన్నాడు. ఆయన కూచున్నాడు.

పైన గాలి ఎక్కువ. కింద మనుషులు చోళ్ల గింజలంత ఉన్నారు. సముద్రం ఎరుపెక్కుతోంది. తాళ్లు కట్టుకున్నాం. నా మోకాళ్లు వాటంతట అవే వంగాయి, భయానికి. గురమ్మ నా చెవి దగ్గర, ఊపిరి నీది, కాళ్లు నావి, ఎనక్కి సూడకు అంది. తెడ్డుతో తోసింది.

గంగమ్మ తల్లీ...

మొదట మెల్లగా. తర్వాత దిబ్బ మా కింద నుంచి తప్పుకుంది. అలాగే అనిపించింది, మేం పోతున్నట్టు లేదు, లోకమంతా మా మీదకి ఎక్కి వస్తున్నట్టుంది. ఇసుక రెండు పక్కలా రెక్కల్లా లేచింది. చెక్కల కింద సన్నటి శబ్దం, కొత్త చీర మడత విప్పినట్టు. కడుపు పైనే ఎక్కడో ఉండిపోయింది. కూత మాత్రం నా నోట్లో ఉంది. ఈ... ఈ... ఈ... ఒక్క అక్షరం మీద నా ప్రాణం అంతా నిలబడి ఉంది. ఒక సరుగుడు తల ఎదురుగా వచ్చింది. గురమ్మ తెడ్డు పాతింది, చెక్కలు పక్కకి వాలాయి, ఆకులు నా చెంప గీసుకుని వెళ్లాయి. పడలేదు. ఛాతీ మండుతోంది. కళ్లు మూసుకుపోతున్నాయి. వెనక నుంచి గురమ్మ నవ్వుతోంది. పెద్దగా నవ్వుతోంది! ఆ నవ్వుకి నాకు ఇంకొంచెం ఊపిరి దొరికింది, ఎక్కడి నుంచో తెలియదు.

తడి ఇసుక తగలగానే చెక్కలు టక్కున ఆగాయి. తాళ్లు తెగాయి. మేం ఆగలేదు. గాలిలో పోయి అలలో పడ్డాం. నా కూతని ఆపింది నేను కాదు. నోట్లోకి వచ్చిన ఉప్పునీళ్లు.

లేచేసరికి గోల. అప్పలసూరి పరిగెత్తుకు వచ్చి, పడిపోనారు పడిపోనారు, లెక్క లేదు అన్నాడు. నూకయ్య తాత, నీటిలో పడితే పడ్డం కాదురా ఎర్రోడా, దిగడం అన్నాడు. ఇద్దరొచ్చినారు కదా తాతా, ఒకలు కూసి ఒకలు నడిపితే ఎలాగ అన్నాడు అప్పలసూరి. మన పడవ మీద తెడ్డు పట్టినోడు పాట పాడతాడేటి, పాట పాడినోడు తెడ్డు పడతాడేటి, అయినా పడవ ఒక్కటే వస్తాది అన్నాడు తాత. అందరూ ఔను ఔనన్నారు. అప్పలసూరి ఒంటి ఇసుక దులుపుకుని, నిజమే, ఓడిపోనాను అన్నాడు. గురమ్మ తెడ్డు వాడి చేతిలో పెట్టి, పట్టుకో మావోయ్, బరువుగా ఉన్నాది అంది. బావా అనలేదు, వరస మార్చి ఏడిపించింది!

నాన్న గొడుగు పీకి నా దగ్గరకి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆ ఊపిరెక్కడిదే నీకు అన్నాడు. పద్యాలు నాన్నా అన్నాను.

6 నవంబర్

పేరు అడిగారు. అందరి ముందూ లేచి చెప్పాను. తుషారశిఖరం.

ఎవరూ నవ్వలేదు. తాత అర్థం అడిగాడు, చెప్పాను. బాగున్నాది పాపమ్మా అన్నాడు. అప్పలసూరి కూడా బాగున్నాదన్నాడు. అందరూ ఇంత మర్యాదగా ఉంటే నాకే అనుమానం వచ్చింది. పడవ మీద నుంచి పడవకి కేకేసి చెప్పుకోవాలి కదా. గురమ్మని దిబ్బ మీదకి పంపి ఆ పేరు అరవమన్నాను. నేను నీళ్లలో నడుము దాకా నిలబడి విన్నాను. అల వచ్చింది, గాలి వచ్చింది. తు అన్నది ఒక్కటే వినబడింది. మిగతాదంతా దిబ్బ మీదే రాలిపోయింది.

నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇంకో పేరు చెప్పమన్నారు. డిక్షనరీ అంతా ఉన్న దాన్ని, ఒక్క మాట తోచలేదు. గురమ్మని అడిగితే, ఆడి పేరు పడకపోతే నాకదే సాలు అంది.

7 నవంబర్

పడవలు దిగాయి. పేరు లేకుండానే దిగాయి. అందరికీ నేనే అడ్డం పడ్డట్టు ఉంది. అయినా ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాను. పడవలో నుంచి అప్పలసూరి దిబ్బ వైపు చూపించి పక్క పడవకి ఏదో కేకేశాడు. వినబడలేదు.

8 నవంబర్

విజయనగరం. హాస్టల్. బస్సులో మొత్తం దారి నా మోకాళ్లు వంగే ఉన్నాయి.

21 నవంబర్

మేగజైన్‌లో ఆ ఫొటో మళ్లీ చూశాను. అతని పక్కన ఎవరూ లేరు. పాపం.

12 డిసెంబర్

కాలేజీ నుంచి వస్తుంటే సందు చివర ఒక ముసలామె కవ్వ చేపలు అమ్ముతోంది. గున్నమ్మట. మా వైపు మనిషి కాదు, ఎప్పుడూ చూడలేదు. ఎక్కడివి అని మా హాస్టల్ వంటామె బేరమాడుతూ అడిగితే, గుంటల దిబ్బ ఎదర పడ్డాయమ్మా, ఆడ పడ్డ కవ్వకి రుసే వేరు అంది.

గుంటలంటే ఎవరు, ఎవరు పెట్టారు ఆ పేరు అని అడిగాను.

ఎవలు ఎట్టడవేటి తల్లీ అంది. అది ఎప్పుడూ గుంటల దిబ్బే.